బాత్రూమ్ గోడల సబ్బు మడ్డికి ఏది కొనాలి, ఏది దండగ: వైపర్, నిమ్మ ఉప్పు, సీసా క్లీనర్లు, షవర్ ఫిల్టర్

బోరు నీళ్లు వాడే ఇంట్లో బాత్రూమ్ టైల్స్ మీద తెల్లపొర కట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. దాన్ని వదిలిస్తామంటూ బజార్లో దొరికేవి ముఖ్యంగా నాలుగు: చేత్తో పట్టుకుని తుడిచే గ్లాస్ వైపర్, కిరాణా కొట్లో అమ్మే నిమ్మ ఉప్పు, సూపర్‌మార్కెట్ సీసా క్లీనర్లు, షవర్‌కి తగిలించే ఫిల్టర్. వీటికి తోడు ఇప్పటికీ చాలా ఇళ్లు వదలని బాత్రూమ్ యాసిడ్. ఈ విషయంలో ధరకూ పనితనానికీ పొంతన లేదు. వంద, రెండొందల్లో వచ్చే వైపర్‌కే మొదటి మార్కు ఇస్తాం. వేలల్లో ఉండే ఫిల్టర్‌కి చివరి మార్కు. కారణం ఆ పొరలోనే ఉంది.

గోడ మీద కట్టేవి నిజానికి రెండు పొరలు. వేలిగోటితో గీకి చూడండి. మైనంలా మెత్తగా వచ్చి గోటి కింద ముద్ద కడితే అది సబ్బు మడ్డి. గరగరలాడుతూ గోటికి లొంగకపోతే అది నీళ్లలోని ఉప్పు ఎండి పట్టిన గార. గార మీద ఒక నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలు వస్తాయి, మడ్డి మీద రావు. మడ్డి ఎక్కువగా నురగ చిందే ఎత్తులో ఉంటుంది. షవర్ స్నానమైతే మోకాలి నుంచి భుజం దాకా, బకెట్ స్నానమైతే కింది రెండు మూడు అడుగుల్లోనే. గార కుళాయి కింద, షవర్ చిల్లుల చుట్టూ, టైల్స్ అడుగు వరుసలో చేరుతుంది. పాత బాత్రూముల్లో రెండూ పొర మీద పొరగా ఉంటాయి. అందుకే ఒక్క మందుతో ఒక్క విడతలో పోవు.

సబ్బంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సోడియాన్ని తప్పించి ఆ చోట్లో కూర్చుంటాయి. సబ్బు కాస్తా కాల్షియం స్టియరేట్ లాంటి కరగని ముద్ద అవుతుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే ఏ సేల్స్‌మన్ మాటకీ పడిపోరు. లీటరుకు 400 మి.గ్రా. హార్డ్‌నెస్ (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంల కొలత) ఉన్న నీళ్లు లీటరుకు సుమారు 2.4 గ్రాముల సబ్బును ముద్ద చేయగలవు. 20 లీటర్ల బకెట్‌కి 48 గ్రాములు. మనం ఒక స్నానానికి అరగదీసేది కొన్ని గ్రాములే. అంటే ఒంటి మీంచి జారే సబ్బు మొత్తాన్నీ మడ్డి చేసేంత కాల్షియం ఆ బకెట్లో ఉంది, ఇంకా మిగులుతుంది కూడా. హార్డ్‌నెస్‌ని సగానికి, 200కి తెచ్చినా బకెట్‌కి 24 గ్రాముల సత్తా ఉంటుంది. మడ్డిలో తేడా రాదు, గార మాత్రం తగ్గుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లో హార్డ్‌నెస్‌కి పెట్టిన హద్దు 200, వేరే దిక్కు లేకపోతే 600. కాబట్టి తాగడానికి పనికొచ్చే మంచి నీళ్లతో స్నానం చేసినా గోడకు మడ్డి పట్టడం మామూలే.

వైపర్: 5కి 5

స్నానం అయ్యాక గోడ మీద మిగిలేది పల్చటి నీటి పొర. ఉప్పూ మడ్డీ ఇంకా ఆ నీళ్లలోనే తేలుతుంటాయి. ఎండితేనే అతుక్కుంటాయి. ఎండకముందే లాగేస్తే పట్టడానికి ఏమీ మిగలదు. వైపర్ చేసే పని ఇంతే. అయినా మిగతావన్నీ కలిసి చేసేదానికన్నా ఎక్కువ.

కొనేటప్పుడు వెడల్పు 25 నుంచి 30 సెం.మీ. చూసుకోండి. మన గోడ టైల్స్ చాలావరకు 300 మి.మీ. వెడల్పువే కాబట్టి ఒక్కో లాగుడుకి ఒక్కో వరుస అయిపోతుంది. 40 సెం.మీ. వైపర్ కారు అద్దానికి బాగుంటుంది. చిన్న బాత్రూంలో కుళాయిలకీ షవర్ గొట్టానికీ తగులుతూ విసిగిస్తుంది. బ్లేడు రబ్బరుదైతే అంచు పదునుగా ఉండి నీటిని ఒక్కసారే కోసినట్టు లాగుతుంది, కానీ తడిలో ఉండి ఉండి కొన్నాళ్లకు గట్టిపడుతుంది. సిలికాన్‌ది మెత్తగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, గీతలు ఒకటి రెండు వదులుతుంది. అద్దం పార్టిషన్ ఉంటే రబ్బరు, ఒట్టి టైల్స్ అయితే సిలికాన్ తీసుకోండి. పిడి ప్లాస్టిక్‌దైనా పరవాలేదు. రంగు పూసిన ఇనుప పిడి మాత్రం వద్దు, తుప్పు నీళ్లు కారి తెల్ల టైల్ మీద కొత్త మరక పెడుతుంది.

వాడకంలో రెండే మెలకువలు. ముందు ఒక మగ్గు శుభ్రమైన నీళ్లు గోడ మీద పై నుంచి పోయాలి. నురగ ఉండగానే వైపర్ పెడితే మడ్డిని లాగే బదులు పరిచినట్టవుతుంది. తర్వాత పై నుంచి కిందికి ఆపకుండా ఒకే లాగుడు, పక్క లాగుడు మొదటిదాని మీదికి రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కాలి. మూడు గోడలకి రెండు నిమిషాలు కూడా పట్టదు. మూలల్లో, కుళాయి వెనక బ్లేడు చేరదు. అక్కడ పాత తువ్వాలు ముక్క వాడాలి.

వైపర్ ఓడిపోయేది ఎత్తుపల్లాల డిజైన్ ఉన్న హైలైటర్ టైల్స్ దగ్గర. బిల్డర్లు షవర్ గోడకే ఏరికోరి అవి పెడతారు, ఎందుకో తెలీదు! ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు షవర్ వైపు నున్నటి టైల్స్, సన్నటి జాయింట్లు అడగండి, ఆ డిజైన్‌ని ఎదుటి గోడకి పంపండి. ఇంకో మాట: వైపర్‌ని బ్లేడు మీద నిలబెట్టి మూలకి వదిలేస్తే అంచు వంగి నెల తిరక్కముందే చారలు పెడుతుంది. తగిలించాలి. సక్షన్ కప్పు కొక్కేలు జిడ్డు టైల్ మీద నిలవవు, అంటించే రకం కొక్కెం తీసుకోండి.

నిమ్మ ఉప్పు: 5కి 4

ఇప్పటికే పట్టిన పొరకి వైపర్ ఏమీ చేయలేదు. దానికి కిరాణా కొట్లో తెల్లటి పలుకుల్లా దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, చాలు. కొనేటప్పుడు పేరు స్పష్టంగా చెప్పండి. వట్టి ‘ఉప్పు’ అనో ‘నిమ్మ పొడి’ అనో అడిగితే మామూలు ఉప్పో షర్బత్ పొడో చేతిలో పెట్టే అవకాశం ఉంది.

దీన్ని మెచ్చుకునేవాళ్లు సగమే చెబుతారు. ఆమ్లం మడ్డిలోంచి కాల్షియాన్ని లాగేస్తుంది నిజమే. తర్వాత మిగిలేది కొవ్వు ఆమ్లం. అది కూడా నీళ్లలో కరగదు. గోడ తెల్లదనం పోయి బాగుపడినట్టే కనిపిస్తుంది, చెయ్యి పెడితే జిడ్డు తగులుతుంది, రెండు స్నానాలకి మళ్లీ తెల్లబడుతుంది. ‘నిమ్మ ఉప్పు వాడాం, పని చేయలేదు’ అనేవాళ్లలో చాలామంది ఆగిపోయింది ఇక్కడే. ఆ జిడ్డుని లేపడానికి గిన్నెలు తోమే లిక్విడ్ కూడా కావాలి. కొలత ఇది: గోరువెచ్చని నీళ్లు ఒక లీటరు, నిమ్మ ఉప్పు 50 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో నాలుగు, గిన్నెల లిక్విడ్ ఒక చిన్న చెంచా. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, చివర్న లిక్విడ్ వేసి మెల్లగా కలపాలి, లేకపోతే స్ప్రే సీసా నిండా నురగే. అల్యూమినియం గిన్నెలో కలపొద్దు. నీళ్లు మరిగించొద్దు కూడా. ఆమ్లం కాల్షియంతో కలిసి కట్టే సిట్రేట్ వేడిలో ఇంకా తక్కువగా కరుగుతుంది, గోడ మీద కొత్త తెల్లపొర పరుస్తుంది. వేడి పెంచితే పని పెరుగుతుందనే లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

ముందు గోడని మామూలు నీళ్లతో తడపండి. టైల్స్ మధ్య సిమెంటు జాయింట్లు ఎండి ఉంటే ఆమ్లాన్ని పీల్చుకుని తినిపోతాయి. నీళ్లు తాగి ఉంటే అంతగా లోపలికి పోనివ్వవు. స్ప్రే కింది నుంచి పైకి కొట్టాలి. పై నుంచి మొదలుపెడితే ద్రావణం ఎండు గోడ మీద చారలుగా కారి, ఆ చారల వరకే శుభ్రమై గీతలు మిగులుతాయి. పది నిమిషాలు ఆగాలి. ఈ పది నిమిషాల్లో ఎండనివ్వకూడదు, మధ్యలో ఇంకోసారి చల్లండి. మందంగా పట్టిన చోట పాత నూలు గుడ్డని ద్రావణంలో ముంచి గోడకి అతికించి పెడితే ఇంకా మేలు.

రుద్దడానికి తెల్ల నైలాన్ స్క్రబ్బరు. ఆకుపచ్చ గిన్నెల స్క్రబ్బరులో గరుకు పొడి ఉంటుంది, నున్నటి టైల్ మీద, అద్దం మీద, క్రోమ్ కుళాయి మీద కంటికి కనిపించని గీతలు పెడుతుంది. తర్వాత మడ్డికి ఆ గీతలే పట్టు. జాయింట్లకి పాత టూత్ బ్రష్. తర్వాత పై నుంచి కిందికి బాగా కడగాలి. పని పూర్తయిందో లేదో నీళ్లే చెబుతాయి. ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. పొర తెగకుండా టైల్ అంతా ఒకే రేకులా పరుచుకుని జారితే శుభ్రమైనట్టు. మధ్యమధ్య చీలిపోయి చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉంది. అలాంటప్పుడు మళ్లీ ఆమ్లం చల్లక్కర్లేదు, గిన్నెల లిక్విడ్ ఒక్కదానితో ఇంకోసారి రుద్దితే చాలు.

ఏళ్ల తరబడి పేరుకున్న దానికి లీటరుకి 100 గ్రాములు కలిపి, గుడ్డ అతికించి, 20 నిమిషాలు ఉంచి, రెండు మూడు విడతలుగా చేయండి. విడతల మధ్య గిన్నెల లిక్విడ్‌తో ఒకసారి రుద్దడం మరవకండి. పైన జిడ్డు పొర ఉన్నంతసేపు ఆమ్లం కింది గారని తాకదు.

ఒక మార్కు తగ్గించింది రాళ్ల వల్ల. కడప బండ, తాండూరు, షాబాద్ రాయి అన్నీ సున్నపురాయి జాతివే. పాలరాయీ అంతే. నిమ్మ ఉప్పు ఒక్క చుక్క కారినా తెల్లగా మచ్చ పడుతుంది, ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అక్కడ రాయి పాలిష్ కరిగిపోయింది. గోడ టైల్స్ అయినా కింద గచ్చు తాండూరుదో, సబ్బుల అరకి నల్ల కడప పలకో వేయించి ఉంటారు. అలాంటి బాత్రూంలో గోడకి చల్లే ముందు కింద, అర మీద బాగా నీళ్లు పారిస్తూ ఉండాలి. గోడకే ఆ రాయి ఉంటే నిమ్మ ఉప్పు మాట మరిచి, గిన్నెల లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, రోజూ వైపర్ అనే దారికే పోవాలి. బంగారు రంగు, నల్ల రంగు పూతల కుళాయిల మీద కూడా పడనివ్వొద్దు. మామూలు క్రోమ్ అయితే రెండు మూడు నిమిషాల్లో కడిగేస్తే పరవాలేదు.

కలిపిన ద్రావణం వారం, పది రోజులకు మించి దాచొద్దు, బూజు పడుతుంది. పొడి మాత్రం గాలి తగలని డబ్బాలో ఏడాదైనా ఉంటుంది. సీసా మీద పేరు రాసి పిల్లలకి అందని చోట పెట్టండి.

తెల్ల వెనిగర్ గురించి కూడా అడుగుతారు. మన దగ్గర అమ్మే సింథటిక్ వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 శాతం. పని చేస్తుంది, కాకపోతే ఘాటు వాసన, లీటరు లెక్కన ఖర్చు ఎక్కువ. ఇక వీడియోల్లో వంట సోడా చల్లి దాని మీద వెనిగర్ పోసి బుసబుస పొంగడం చూపిస్తారే, అది చూడ్డానికే. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే.

సీసా క్లీనర్లు: 5కి 3

బాత్రూమ్ క్లీనర్ అని రాసి ఉన్న సీసాల్లో సాధారణంగా ఉండేది పల్చటి ఆమ్లం, డిటర్జెంట్, సువాసన. అంటే మనం పైన కలిపిందే, రెడీమేడ్‌గా. గోడ పెద్దగా పాడవని ఇళ్లకి, కలుపుకునే ఓపిక లేనివాళ్లకి సుఖం. లేబుల్ వెనక ఆమ్లం పేరు ఉందో లేదో చూడండి. పేరు లేకుండా ‘క్రిములు చంపును’ అని మాత్రమే ఉంటే అది నేల తుడిచే రకం, మడ్డికి పనికిరాదు. ‘లీటరు నీళ్లలో ఒక మూత’ అన్న కొలత నేలకే. గోడకి పలచన చేయకుండా వాడితేనే ఫలితం, అలా వాడితే సీసా నాలుగు వాడకాలకే ఖాళీ. మూడు మార్కులే ఇవ్వడానికి కారణం ఇదే. కమోడ్‌లో పోసే నీలం రంగు చిక్కటి క్లీనర్‌ని గోడకి పూయడం ఇంకో అలవాటు. వాటిలో చాలా వాటిల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 శాతం దాకా ఉంటుంది. పింగాణీ తట్టుకుంటుంది, సిమెంటు జాయింట్లు, స్టీలు జాలీ తట్టుకోవు.

బాత్రూమ్ యాసిడ్: సున్నా. సిమెంటుని తినేసి జాయింట్లలో గుంటలు చేస్తుంది. ఆ గుంటల్లోంచి నీళ్లు దిగి పక్క గదిలో గోడ ఉబ్బుతుంది. మూసిన గదిలో ఆ పొగ పీల్చడం ఊపిరితిత్తులకి నేరుగా దెబ్బ. యాసిడ్‌ని ఎవరికి పడితే వాళ్లకి విడిగా అమ్మకుండా 2013లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది కూడా. బ్లీచింగ్ పొడి, బ్లీచ్ ద్రావణం సిలికాన్ అంచుల మీది నల్ల బూజుకి పనికొస్తాయి, సబ్బు మడ్డిని కదపలేవు. ఆ రెంటినీ యాసిడ్‌తో గానీ నిమ్మ ఉప్పుతో గానీ, పైన చెప్పిన సీసా క్లీనర్లతో గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోవద్దు.

షవర్ ఫిల్టర్: 5కి 1

వేలు పోసి కొనేది ఇదే కాబట్టి కాస్త లెక్కగా చూద్దాం. షవర్‌కి బిగించే ఫిల్టర్లలో ఎక్కువ వాటిల్లో ఉండేవి కేడీఎఫ్ (రాగి, జింకు కలిసిన పలుకులు), కాల్షియం సల్ఫైట్, కార్బన్ పొరలు. అవి క్లోరిన్ తీస్తాయి. హార్డ్‌నెస్‌ని తాకవు. బోరు నీళ్లలో అసలు క్లోరినే ఉండదు! కొన్నింట్లో మాత్రం నిజంగానే హార్డ్‌నెస్ తీసే రెజిన్ అనే సన్నటి గుళికలు ఉంటాయి. ఒక లీటరు రెజిన్, నిండా పని చేస్తే, 100 గ్రాముల దాకా హార్డ్‌నెస్ పట్టుకోగలదు. వాడకంలో సగం వేసుకోవచ్చు. 400 హార్డ్‌నెస్ నీళ్లతో 60 లీటర్ల షవర్ స్నానానికి 24 గ్రాములు. అంటే లీటరు రెజిన్‌కి రెండు స్నానాలు. చేతిలో పట్టే ఫిల్టర్‌లో లీటరు రెజిన్ పట్టదు, 100, 200 మి.లీ. కన్నా ఉండదు. మొదటి స్నానం ముగిసేలోపే అయిపోతుంది. తర్వాత ఉప్పు నీళ్లలో నానబెట్టి మళ్లీ తయారుచేసుకోవాలి. రోజూ ఎవరు చేస్తారు?

అమ్మేవాళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) మీటర్ ముంచి చూపిస్తే దాన్ని పట్టించుకోకండి. రెజిన్ కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియం వదులుతుంది, కాబట్టి బాగా పనిచేసే సాఫ్ట్‌నర్‌కి, అంటే హార్డ్‌నెస్ తీసే పరికరానికి, ముందూ తర్వాతా టీడీఎస్ దాదాపు ఒకటే ఉంటుంది. చూడాల్సింది హార్డ్‌నెస్ చుక్కల కిట్‌తో. మడ్డి నిజంగా ఆగాలంటే నీటి హార్డ్‌నెస్ దాదాపు సున్నాకి రావాలి. అది ఇల్లంతటికీ లేదా అపార్ట్‌మెంట్ మొత్తానికీ, ఉప్పుతో రెజిన్ మళ్లీ తయారయ్యే (రీజనరేషన్) పెద్ద సాఫ్ట్‌నర్‌తోనే సాధ్యం. పైన చెప్పిన లెక్క ప్రకారం సగం తగ్గించే పరికరం గార వరకే పనికొస్తుంది.

సబ్బు మారిస్తే

ఖర్చు లేకుండా మడ్డిని కోసేసే దారి ఇది. బాడీ వాష్, షాంపూ లాంటివి సబ్బు జాతి కావు, కాల్షియంతో ముద్దకట్టవు. స్నానానికి జెల్ వాడే ఇంట్లో మడ్డి దాదాపు పట్టదు, గార ఒక్కటే మిగులుతుంది. సబ్బు బిళ్లే వాడేవాళ్లకి ఒక చిక్కు: టీఎఫ్ఎం, అంటే మొత్తం కొవ్వు పదార్థం, ఎక్కువున్న సబ్బు మంచిదని కొంటాం. గ్రేడ్ 1 కి కనీసం 76 శాతం ఉండాలి. అందులో ఉండేదంతా కొవ్వు ఆమ్లాలే కాబట్టి ఒంటికి మేలు, గోడకి మడ్డి ఎక్కువ. కుంకుడు రసం, శీకాయ కాల్షియంతో ముద్దకట్టవు, కానీ రంగు చారలు వదులుతాయి, వెంటనే కడిగేయాలి. తలంటు రోజు గోడకి పట్టే నూనె వేరే సంగతి. దాని మీద నిమ్మ ఉప్పు జారిపోతుంది, ముందు గిన్నెల లిక్విడే.

అద్దం పార్టిషన్‌కి పైవన్నీ వర్తిస్తాయి, ఒక్క తేడాతో. ఆమ్లంతో, లిక్విడ్‌తో శుభ్రం చేశాక కూడా మచ్చలు కనిపిస్తే అద్దమే కొరుక్కుపోయినట్టు, ఇక క్లీనర్లు మార్చడం దండగ. సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ చేయించాల్సిందే. అద్దాల స్ప్రేలు వేలిముద్రలకి, ఈ పొరకి కాదు. కార్ల అద్దాలకి పూసే నీరు జారే పూతలు షవర్ అద్దం మీద కొంతకాలం బాగానే నిలుస్తాయి. శుభ్రమైన పొడి అద్దానికి పూసి, ఎండాక మెత్తటి గుడ్డతో రుద్ది, ఒక పూట తడపకుండా ఉంచాలి. ఏ పూతా, ఏ మైనం పాలిషూ నేల టైల్ మీద మాత్రం పడనివ్వొద్దు, కాలు జారుతుంది.